రోగి పళ్ళెంలో ఏముండాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకునే మామూలు ఉపాధ్యాయులం. అయినా ఈ రోజు క్యాన్సర్ రోగి భోజనం గురించి మాట్లాడడానికి నిలబడ్డాం. కారణమేమంటే, ఈ విషయంలో మేమే ఒక తప్పు చేశాం. ఆ తప్పు మీ ఇళ్ళల్లో జరగకూడదని మా కోరిక.

2022లో మా దూల్హాభాయికి మల్టిపుల్ మైలోమా, అనగా ఎముక మజ్జలో పుట్టే ఒక క్యాన్సర్, ఉన్నట్టు తేలింది. కొన్ని నెలల మందుల తర్వాత స్టెమ్ సెల్ మార్పిడి చేయాలన్నారు. ఆపరేషనేమో అని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. నిజానికి ఇందులో కత్తి పని లేదు. ముందుగా రోగి రక్తం నుంచి మూల కణాలను వేరుచేసి దాచిపెడతారు. తర్వాత చాలా పెద్ద మోతాదులో మందు ఇచ్చి క్యాన్సర్ కణాలను చంపుతారు. దాంతోపాటు మంచి మజ్జ కూడా దెబ్బతింటుంది గనుక, దాచిన కణాలను రక్తం ఎక్కించినట్టే నరం ద్వారా తిరిగి ఎక్కిస్తారు. కొన్ని జబ్బుల్లో తోబుట్టువుల కణాలో, ఇతర దాతల కణాలో వాడతారు. మన దేశంలో ఈ వైద్యం కొత్తదేమీ కాదు. 1983లోనే బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో జరిగింది.

కొత్త కణాలు మజ్జలో కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో తెల్లకణాలు దాదాపు ఉండవు. నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి, ముద్ద దిగదు. మా ఆపా రోజూ పాయా షోర్వా పట్టుకెళ్ళేది. బలం వస్తుందని ఆమె నమ్మకం. మేమేమో నాలుగు వ్యాసాలు చదివి, "మాంసం వద్దు ఆపా, మొక్కల ఆహారమే మంచిది" అని వాదించాం. అంతటితో ఆగలేదు. ఏడో రోజున మొలకెత్తిన పెసలు, పచ్చి కీరా ముక్కలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళాం. నర్సమ్మ తలుపు దగ్గరే ఆపింది. "మాస్టారూ, మీరు చదువుకున్నవారు, ఇదేం పని? ఆయనకు ఈ రోజు తెల్లకణాలు ఎన్నున్నాయో తెలుసా?" అన్నది. సిగ్గుతో తల వంచుకున్నాం. తడిలో, వెచ్చదనంలో మొలకెత్తే గింజల మీద సూక్ష్మజీవులు కూడా బాగా పెరుగుతాయని ఆమె చెప్పేదాకా మాకు తోచలేదు.

మరి మేము చదివింది అబద్ధమా? అబద్ధం కాదు, సగం పాఠం. మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయి. మనం తిన్న పప్పు, కూర, పండు, ధాన్యంలోని పీచే వాటి మేత. ఆ పీచును పులియబెట్టి అవి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. మార్పిడి సమయంలో మందుల ధాటికి పేగు గోడ దెబ్బతింటుంది, యాంటీబయాటిక్స్ వల్ల మంచి సూక్ష్మజీవులూ నశిస్తాయి. 2020లో అమెరికా, జర్మనీ, జపాన్ ఆస్పత్రులలో ఇతరుల కణాలు ఎక్కించుకున్న 1,362 మంది రోగుల పరిశోధన వెలువడింది. పేగులో రకరకాల సూక్ష్మజీవులు మిగిలినవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఐతే అది ఆహారం వల్లే అని ఆ పరిశోధన చెప్పలేదు. 2023లో అమెరికాలోని మిషిగన్‌లో 10 మంది రోగులకు బంగాళదుంప పిండిపదార్థాన్ని పచ్చిగా ఇచ్చి చూస్తే బ్యూటిరేట్ పెరిగింది. ఆశ కలిగించే సంగతే, కాని పదిమందిని చూసి తీర్పు చెప్పలేం.

పచ్చి కూరగాయల మీద కూడా వైద్యుల అభిప్రాయం మారుతోంది. ఇటలీలో మార్పిడి రోగుల మీద చేసి 2023లో ప్రకటించిన పరిశోధనలో, కడిగిన పళ్ళు, కూరలు తిన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాలేదని తేలింది. అందుచేత కొన్ని ఆస్పత్రులు పాత కట్టుబాట్లు సడలించాయి, కొన్ని సడలించలేదు. కావున మన ఆస్పత్రి ఏం చెప్తే అదే మనకు చట్టం.

సోదరీమణులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో మొక్కల ఆహారం పెట్టవచ్చు, కాని బాగా ఉడికించి, వేడిగా, అప్పటికప్పుడు. పెసరపప్పు కిచిడీ, రాగి జావ, సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ కూరలు మెత్తగా వండితే నోరు పూసినవారికి కూడా దిగుతాయి. మొలకలు, బజారు చట్నీలు, కోసి అమ్మే పళ్ళు, కాచని పాలు వద్దు. కూర దించాక పచ్చి కొత్తిమీర చల్లకండి. చద్దన్నం పేగుకు మంచిదని విని అది పెట్టకండి, ఆ రోజులు అందుకు కావు. ఇంట్లో తోడేసిన పెరుగు సంగతి కూడా డాక్టరును అడగండి. విరేచనాలు ఎక్కువైతే పీచు తగ్గించమని చెప్పవచ్చు, అప్పుడు పట్టుదలకు పోవద్దు. పంపరపనసపండు కొన్ని మందుల పనిని తారుమారు చేస్తుంది. ఎవరో ఇచ్చిన ఆకు పొడులు, కలోంజీ నూనె కూడా డాక్టరుకు చెప్పకుండా పట్టించకండి.

ఇంకొక మాట. రోగి యఖ్నీ నాలుగు చెంచాలే తాగగలిగితే, శుభ్రంగా కాచి అదే ఇవ్వండి. ఆ రోజుల్లో బరువు, మాంసకృత్తులు పోకుండా చూడడం ముఖ్యం. ఏ ఆకూ, ఏ పప్పూ క్యాన్సర్‌ను నయం చేయదు. అది వైద్యానికి తోడు మాత్రమే. ఆపా షోర్వా తప్పు కాదు, మా పప్పు ఒప్పూ కాదు. అడగకుండా పెట్టడమే మా ఇద్దరి తప్పు.

దూల్హాభాయి కోలుకున్నారు. కణాలు పెరిగి ఇంటికి వచ్చాక, డాక్టరు అనుమతితో ఒక్కొక్కటిగా ఆకుకూరలు, శెనగలు, పళ్ళు మొదలుపెట్టారు. మొదటిసారి కీరా ముక్క నోట్లో పెట్టుకున్న రోజు మా వంక చూసి నవ్వారు, "మాస్టారూ, ఇప్పుడు తినొచ్చా?" అని.

చివరగా సంఘానికి మా విన్నపం. ఇక ముందు మనవారిలో ఎవరికైనా ఈ వైద్యం జరిగితే, పళ్ళ బుట్టలు పట్టుకుని గుంపుగా పరామర్శకు వెళ్ళవద్దు. ఒక్కరు వెళ్ళి ఆస్పత్రిలో ఆహార నిపుణులు ఇచ్చే జాబితా రాయించుకురండి, ఒక శుభ్రమైన ఇంట్లో దాని ప్రకారం వండించండి, యువకులు రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వండి. అదే నిజమైన ఖిద్మత్.