ఆడపిల్ల భయం: ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతోంది?

(కొత్తూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



పిల్లల భయాన్ని మనం తేలిగ్గా తీసిపారేస్తుంటాం. చిన్నపిల్లయితే దిష్టి తగిలిందంటాం, పెద్దపిల్లయితే పిరికిదంటాం. కానీ భయానికీ ఒక ఎదుగుదల ఉంది.

ఏడెనిమిది నెలల పాప కొత్త ముఖం చూసి ఏడుస్తుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో తల్లి కనుమరుగైతే తల్లడిల్లుతుంది. ఇది జబ్బు కాదు, తల్లితో బంధం ఏర్పడిందనడానికి గుర్తు. మూడేళ్లు దాటాక ఊహ విస్తరిస్తుంది. దాంతోపాటే చీకటి, దయ్యాలు, బూచాడు వస్తారు. బడి వయసులో భయాలు వాస్తవానికి దగ్గరవుతాయి: పంతులు కొడతాడేమో, పరీక్ష తప్పుతానేమో, అమ్మకేమన్నా అవుతుందేమో. కౌమారంలో ఇతరుల చూపే భయమవుతుంది: నన్నేమనుకుంటున్నారు, నా శరీరం ఎలా ఉంది?

చిన్నతనంలో ఆడ, మగ పిల్లల మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. కౌమారానికి వచ్చేసరికి ఆందోళన రుగ్మతలు ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. దీనికి హార్మోన్లనొక్కటే కారణంగా చూపితే సరిపోదు. రజస్వల అయిన నాటి నుంచి ఆమె నడక, నవ్వు, ఇల్లు చేరే వేళ, అన్నిటి మీదా కాపలా మొదలవుతుంది.

మన రహదారినే చూడండి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. శవాన్ని కొత్తూరు మీదుగా వెళ్లే ఈ దారిలోనే, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ ఎన్‌కౌంటర్ బూటకమని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ కాల్పులతో అమ్మాయిల దారి ఏమన్నా భద్రమైందా? వీధిదీపాలు, వేళకు బస్సు అడగాల్సిన చోట "ఇక పిల్లను బయటికి పంపొద్దు" అంటే, నేరస్థుడికి పడాల్సిన శిక్ష అమ్మాయికి వేసినట్టే.

మరి మనం చేయగలిగిందేమిటి? పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి అని బడి మానే పిల్లను దొంగనాటకమని కసరకూడదు. దారిలో గానీ, బడిలో గానీ, ఇంట్లో గానీ ఎవరన్నా వేధిస్తున్నారేమో ముందు ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. వేధింపు ఉంటే ఆపవలసింది దాన్ని, ఆమె చదువును కాదు. 1098కి ఫోన్ చేయవచ్చు. అలాంటిదేమీ లేకపోతే మెల్లమెల్లగా బడికి తిరిగి అలవాటు చేయాలి. ఇంట్లో ఉంచేస్తే ఆ రోజుకు భయం తగ్గినట్టే ఉంటుంది గానీ మర్నాటికి మరింత పెరుగుతుంది. వారాల తరబడి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటే తాయెత్తుతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బడి మానిన పిల్లకు ఇంట్లో తర్వాత వినిపించే మాట పెళ్లి. 18 ఏళ్లలోపు పెళ్లిని 2006 చట్టం నిషేధించింది. అయినా "భయంగా ఉంది, ఓ అయ్య చేతిలో పెడదాం" అనే తల్లిదండ్రులు మనకు ఎదురవుతూనే ఉంటారు. ఆ తల్లి భయాన్ని కూడా మనం వినాలి. విని, ఆమెను కూడా వెంటబెట్టుకుని పంచాయతీకి, బస్సు డిపోకు, పోలీసు స్టేషనుకు వెళ్లాలి.