కారు హారను మూగబోతే

మొన్న మా వీధి మలుపులో ఒక పసివాడు బంతి వెంట కారుకు అడ్డం వచ్చాడు. హారను నొక్కితే చప్పుడు లేదు! బ్రేకు ఆదుకుంది గాని, నా గుండెదడ ఓ పట్టాన తగ్గలేదు.

ముందు ఫ్యూజు చూశాం. బాగానే ఉంది. తెగివుంటే అదే ఆంపియర్లది వెయ్యాలి. రాగితీగ చుడితే వైర్లు కాలిపోతాయి సుమండీ! తర్వాత మావారు హారను నొక్కుతుంటే, నేను 12 వోల్టుల టెస్టుల్యాంపు ఒక కొస హారను వైరుకీ, రెండోది బ్యాటరీ నెగటివుకీ ఆనించాను. వెలిగింది. అంటే కరెంటు వస్తోంది. వెలగకపోతే లోపం రిలేలోనో, బటనులోనో ఉండవచ్చన్నమాట. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగు మాత్రం మనం విప్పకూడదు; మెకానిక్కే చూడాలి. మా హారను ఎర్తు తుప్పుపట్టింది. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే కయ్యిమంది!

ఇప్పుడు బండి తీసేముందు హారను ఒకసారి నొక్కి చూస్తున్నాను. మీరూ చూసుకోండి.