క్షయ మందులు వాడు పిల్లల చూపును గూర్చి



క్షయరోగమున కిచ్చు నాలుగు ముఖ్యౌషధములలో ఇథాంబ్యుటాల్ అనునది యొకటి. 1961వ సంవత్సరమున వెలువడిన యీ మందు మిక్కిలి యుపయోగకరమే గాని, కంటినుండి మెదడునకు పోవు నరమును అరుదుగా బాధించును. అప్పుడు నొప్పి యుండదు, కన్ను ఎఱ్ఱబడదు. ఎఱుపు, ఆకుపచ్చ రంగుల భేదము తెలియదు; చూచుచున్న వస్తువు నడుమ మసకగా తోచును. కొందఱికి కొలది దినములలోనే చూపు తగ్గును.

పెద్దవాడైన ఈ సంగతి చెప్పుకొనగలడు. అయిదేండ్లలోపు బిడ్డ చెప్పలేడు, రంగుల పరీక్షకును లొంగడు. కావుననే పూర్వము పలువురు వైద్యులు పసివారికి దీని నిచ్చుటకు జంకిరి. దేహపు బరువున కిలో ఒక్కింటికి దినమునకు 15 మొదలు 25 మిల్లీగ్రాముల వఱకు ఇచ్చినచో పిల్లలలో హాని మిక్కిలి అరుదని తరువాత తేలినది. భద్రత యంతయు తూకముమీద నున్నది. బిడ్డను తూచక, వయస్సు నడిగి మాత్రలు లెక్కించి యిచ్చుట సులభమే. ప్రమాదమును అందే యున్నది. చెడిన తూనికయంత్రమును బాగుచేయించుట స్వల్పవిషయమని కాగితములలో వాయిదా వేయరాదు. మూత్రపిండములు చెడిన బిడ్డ దేహమున మందు నిలిచిపోవును గనుక ఆ సంగతి వైద్యునికి ముందే తెలియవలెను.

మందు పంచువారు నెలనెల తల్లి నడుగవలసినది: బిడ్డ నడచునపుడు తడబడుచున్నాడా? పుస్తకమును ముఖమునకు ఆనించి చూచుచున్నాడా? రంగుబలపములను పొరబడుచున్నాడా? బడిలో పంతులు దీనిని అల్లరి యనుకొనుట కద్దు. అనుమానము కలిగిన దినముననే వైద్యునికడకు పంపవలెను. ఇథాంబ్యుటాలును త్వరగా ఆపినచో పలువురికి చూపు మరలివచ్చును. ఆలసించినచో కొందఱికి రాదు. తక్కిన మందులను మాత్రము తల్లిదండ్రులు భయపడి తామే మానిపింపరాదు.