కొత్త యంత్రాలు – మన బతుకుతెరువు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. కొత్త యంత్రాలు, వ్యాపారం, ప్రపంచ ఆర్థిక పరిస్థితి అని చాలా పెద్ద విషయం నాకప్పగించారు. అమెరికా సంగతి తర్వాత చూద్దాం, ముందు మన ఇండ్లలో జరిగింది చెప్తాను.

దూది ఏకే యంత్రం వచ్చాక దూదేకుల వారి విల్లు అటకెక్కింది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి పోసేవారి కేక వీధుల్లో తగ్గిపోయింది. ఇవి మీ అందరికీ తెలిసినవే. నేను కళ్లారా చూసింది మా మామూ సంగతి. ఆయన హైదరాబాదు ఛత్తాబజారులో కాతిబు. షాదీ రుఖాలు, పుస్తకాలు ఖలంతో రాసేవారు. మన నస్తాలీఖు లిపిలో పక్క అక్షరాన్ని బట్టి అక్షరం రూపు మారుతుంది, పదం ఏటవాలుగా కిందికి దిగుతుంది. అందుకే తెలుగు, ఇంగ్లీషు ఎప్పుడో సీసపు అచ్చులోకి పోయినా ఉర్దూ చాలాకాలం చేతిరాత మీదనే నడిచింది. 1927లో మద్రాసులో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దాల తరబడి కాతిబుల రాతతోనే వెలువడింది. దీన్ని ఏ యంత్రమూ రాయలేదని మామూ ధీమా.

పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన సుమారు 20,000 అక్షర కూర్పులు తయారు చేయగా, మోనోటైపు కంపెనీతో కలిసి 1981లో నూరీ నస్తాలీఖు వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. చూడండి, కాతిబుల పని తీసింది కూడా ఒక కాతిబు చెయ్యే! మామూ రెండేండ్లు అలిగి కూర్చున్నారు. చివరకు ఆయన కొడుకు కంప్యూటరు నేర్చుకున్నాడు. మామూ పక్కన కుర్చీ వేసుకుని తప్పులు దిద్దేవారు. ఏ మాట ఎక్కడ విరగాలో ఆయనకే తెలుసు గాని, ఆ తెలివికి ముట్టేది మునుపటిలో సగం కూడా కాదు.

2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వచ్చింది. కాతిబుకు పట్టిన గతి ఇప్పుడు గుమాస్తాకు, తర్జుమా చేసేవారికి, కాల్ సెంటరు పిల్లలకు పడుతుందేమోనని భయం. మన పాలమూరు పిల్లలు పట్నం పోయి చేసేవి ఈ పనులే కదా. కాలిఫోర్నియాలో యంత్రం మారితే వీపనగండ్ల ఇంటికి వచ్చే డబ్బు ఆగుతుంది. నాకర్థమైనంత వరకు ప్రపంచ ఆర్థికమంటే ఇదే.

అంతా నష్టమే అనను. 2016లో యూపీఐ వచ్చాక తోపుడుబండి వాడికి చిల్లర బాధ తగ్గింది. అమ్మకం ఖాతాలో పడుతుంది గనుక బ్యాంకులో అప్పు అడిగేటప్పుడు చూపడానికి ఒక ఆధారం దొరికింది. మోసాలూ ఉన్నాయి. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. ఎవరైనా నొక్కమన్నారంటే మన డబ్బు పోతున్నట్టే. ఈ ముక్క ఇంటికి పోయి దాదీకి, నానీకి ఉర్దూలోనే చెప్పండి.

సంఘం ఏటా పిల్లలకు నోటుబుక్కులు, సంచులు పంచుతుంది, సంతోషం. ఈసారి సంచుల సొమ్ముతో రెండు కంప్యూటర్లు కొనాలని నా మనవి. ఉర్దూ, తెలుగు రెండూ టైపు నేర్పాలి. మామూ కొడుకు నెలకు రెండు ఆదివారాలు వచ్చి నేర్పుతానన్నాడు, బస్సు ఛార్జీ మాత్రం మనమివ్వాలి. కమిటీ వారు ఈ సభ ముగిసేలోగా ఏ సంగతీ చెప్పాలి.