రేషన్ కాలంలో పిల్లల పని


1942లో జపాన్ బర్మాను ఆక్రమించాక మద్రాసు ప్రెసిడెన్సీకి బర్మా బియ్యం ఆగిపోయింది. తర్వాత రేషన్ వచ్చింది. పెద్దలు కూలికి పోతే వరుసలో నిలబడేది పిల్లలే కదా!

మన తెలుగువాళ్లూ ఉన్న కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో యుద్ధం ముగిసినా పిల్లల పని ముగియలేదు. దశాబ్దాలపాటు చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చారు, పెట్టెలు అతికించారు. దాన్ని 'ఇంటికి సాయం' అని మనం మెచ్చుకున్నాం. పెద్దలకు చాలీచాలని కూలి ఎందుకిస్తున్నారని అడగలేదు.

విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ తండ్రిని పోగొట్టుకొని, చదువు మానేసి, మేనమామ బట్టల దుకాణంలో పనిచేశారు. ముఖ్యమంత్రి అయ్యాక 1956లో బడిలోనే మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆకలి సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా?

మన సంఘాల్లో బడి మాని ఇంటిని పోషిస్తున్న బిడ్డలెవరో ఈ వారమే తెలుసుకుందాం. వాళ్ల తల్లిదండ్రుల కూలి ఎంతో కూడా అడుగుదాం.