చప్పుడుతో పాటు సందర్భాన్ని వినండి



సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడ చుట్టుపక్కల తెలంగాణ నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి మరమగ్గాల షెడ్డులోకి మనం వెళితే హోరు తప్ప మరేమీ వినబడదు. కానీ ఆ హోరులోనే ఒక మగ్గం చప్పుడు మారిందని నేతకార్మికుడు పసిగడతాడు. అయితే చప్పుడును బట్టే తీర్పు చెప్పడు. దగ్గరికి వెళ్ళి, పడుగులో పోగు తెగిందా, నాడెలో కండె అయిపోయిందా అని చూస్తాడు. చెవి అనుమానిస్తుంది, కన్ను నిర్ధారిస్తుంది. జంతువుల ధ్వనులను అర్థం చేసుకోవడానికీ ఇదే పద్ధతి. ఈ పాఠంలో షుగర్ గ్లైడర్ అనే చిన్న పెంపుడు జంతువును ఉదాహరణగా తీసుకుందాం.

చూడటానికి ఇది ఉడుతలా ఉంటుంది. కానీ ఉడుత జాతి కాదు. కంగారూ లాగా పిల్లను పొట్ట సంచిలో పెంచే క్షీరదం. దీని స్వస్థలం ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతం. బరువు సుమారు 100 నుంచి 150 గ్రాములు. ముందుకాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య ఉన్న చర్మపు పొరను గొడుగులా చాచి, చెట్టు నుంచి చెట్టుకు గాలిలో జారుతూ వెళుతుంది. ఇది రాత్రిపూట తిరుగుతుంది, గుంపుగా జీవిస్తుంది. ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోండి. దీని ధ్వనులకు తాళంచెవి ఇక్కడే ఉంది.

మొదటిది, మిడతల దండు రొదలాగా గరగరమంటూ ఎగసి తగ్గే అరుపు. కొత్తగా పెంచేవారు దీన్ని కోపం అనుకుంటారు. నిజానికి అది భయం. పగలు నిద్రలో ఉన్న ప్రాణిని తట్టి లేపినా, పెద్ద చెయ్యి హఠాత్తుగా మీదికి వచ్చినా ఇలా అరుస్తుంది. లొంగదీద్దామని గట్టిగా పట్టుకుంటే భయం పెరిగి కరుస్తుంది.

రెండవది, కుక్కపిల్ల మొరిగినట్టు పొట్టి పొట్టి అరుపులు. ఏదో అలికిడికి అప్రమత్తమైనప్పుడూ, తోడు కోసం పిలిచేటప్పుడూ ఇవి వినిపిస్తాయి. గుంపులో బతికే ప్రాణిని ఒంటరిగా పంజరంలో ఉంచి, రాత్రి అరుస్తోందని విసుక్కుంటే తప్పు ఎవరిది?

మూడవది, బుసకొట్టినట్టు, తుమ్మినట్టు వచ్చే చిన్న శబ్దం. ముందుకాళ్ళను ఉమ్మితో తడిపి ఒళ్ళు శుభ్రం చేసుకునేటప్పుడు కూడా ఇది వస్తుంది. కనుక వినగానే జబ్బు అని కంగారు పడనక్కరలేదు. కానీ తిండి మాని, మందకొడిగా కూడా ఉంటే పశువైద్యునికి చూపించాలి. చిన్న ప్రాణులు నొప్పిని దాచుకుంటాయి. నిశ్శబ్దమంతా ఆరోగ్యం కాదు.

అరుపుకు అర్థం ఇదేనని శాస్త్రజ్ఞులు ఎలా తేలుస్తారు? 1980లో సేఫార్త్, చెనీ, మార్లర్ అనే పరిశోధకులు కెన్యాలోని అంబోసెలిలో వర్వెట్ కోతులపై చేసిన ప్రయోగం ప్రచురితమైంది. కోతుల హెచ్చరిక అరుపులను రికార్డు చేసి, శత్రువు ఏదీ లేనప్పుడు వినిపించారు. చిరుతపులి అరుపు వినగానే నేల మీది కోతులు చెట్లెక్కాయి. గద్ద అరుపుకు పైకి చూశాయి. పాము అరుపుకు కిందికి చూశాయి. విన్నవి ఏం చేశాయన్నదే సాక్ష్యం.

మీరూ ఒక పని చేయండి. ఇంటి దగ్గర ఉడుత చిక్‌చిక్‌మని అదేపనిగా అరుస్తున్నప్పుడు పట్టుకోవాలని చూడకుండా దూరం నుంచే గమనించండి. ఎన్ని గంటలకు అరిచింది, తోక ఎలా ఆడించింది, దగ్గరలో పిల్లి ఉందా, మిగతా ఉడుతలు ఏం చేశాయి అని నోటుపుస్తకంలో రాయండి. పది రోజులు రాస్తే, ఏ చప్పుడు ఏ సందర్భంలో వస్తోందో మీకే తెలుస్తుంది.

మాట రాని ప్రాణికి మన కోపాలూ అలకలూ అంటగట్టడం తేలిక. దాని భయాన్ని భయంగా గుర్తించి చెయ్యి వెనక్కి తీసుకోవడం కష్టం. ఆ కష్టమైన పని చేయగలిగిన వారే జంతువును పెంచడానికి అర్హులు.