దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొందము

(రెంటచింతలలో కుటుంబముల కూడికయందు చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము నేను మాట్లాడబోవునది లోతైన వేదాంత విషయము కాదు. క్రిస్మసు పండుగకు మన ఇండ్లను ముందుగా ఎట్లు సిద్ధపరచుకొనవలెను, ఆ దినమున ఆందోళన లేకుండ ఎట్లు సంతోషింపవలెను అనునదే నా అంశము. ఇది వంటయింటి సంగతి గదా, అయ్యగారికెందుకు అని కొందరనుకొనవచ్చును. అయితే పండుగ వెళ్ళిన వారములో ఇండ్లు దర్శించు ఏ పాస్టరుకైనను రెండు సంగతులు కనబడుచుండును. ఇంటి యజమాని ముఖములో అప్పు, ఇల్లాలి ముఖములో అలసట. రక్షకుని జన్మవార్త విన్న ఇంట చివరకు ఈ రెండే మిగిలినయెడల, అది వంటయింటి సంగతి మాత్రమే కాదు, ఆత్మీయ సంగతి కూడ.

మన రెంటచింతల ఎండలకు పేరుపడిన ఊరు. వేసవి వచ్చినదంటే వార్తలలో మన ఊరి పేరు వినబడక మానదు. ఆ ఎండను ఎరిగినవారము గనుక ముందుచూపు మనకు క్రొత్త కాదు. మిరపకాయలు కల్లములో ఆరినప్పుడే ఏడాదికి సరిపడు కారము పట్టించుకొందుము. క్రొత్త చింతపండు వచ్చినప్పుడే కొని దాచుకొందుము. మామిడికాయ దిగినప్పుడే ఆవకాయ జాడీలకెత్తుదుము. ఇంత జాగ్రత్త గల మనమే క్రిస్మసు దగ్గరకు వచ్చేసరికి తడబడుచున్నాము. ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారమైనను రావచ్చును. క్రిస్మసు అట్లు కాదు. డిసెంబరు 25 అని చిన్నపిల్లలకు సహితము తెలియును. తారీఖు తెలిసిన ఈ పండుగే చెప్పకుండ వచ్చిన చుట్టమువలె మనమీదికి వచ్చిపడుచున్నది. దీనికి కారణమేమి?

మొదటి కారణము మన పొలములలోనే కలదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీళ్ళు వదలిన తరువాత పల్నాటిలో తడి పంటలు పెరిగినవి. పంటలతోపాటు పనులును పెరిగినవి. డిసెంబరు నెలలో ఒకప్రక్క వరి కోతలు, ఒకప్రక్క పత్తి తీతలు. మన తల్లులు, అక్కచెల్లెండ్రు తెల్లవారకముందే సద్ది కట్టుకొని పత్తి తీయుటకు పోయి, ప్రొద్దుగూకిన తరువాత ఇల్లు చేరుదురు. మిరప సొమ్ము చేతికి రావలెనన్న ఫిబ్రవరి, మార్చి దాటవలెను. అనగా పనులు నిండుగాను, చేతులు ఖాళీగాను ఉన్న సమయముననే పండుగ వచ్చుచున్నది. ఇది ఎవరి తప్పును కాదు, మన వ్యవసాయపు తీరు అట్టిది. అట్టి తీరు ఏటేట వచ్చునని తెలిసియు లెక్క వేసుకొనకపోవుటయే మన లోపము.

ఆ లెక్క ఒకమారు వేసి చూతము. ఒక కుటుంబము బట్టలకు, సున్నమునకు, పిండివంటలకు, అల్లుడికి కూతురికి పెట్టుబడికి కలిపి 10,000 రూపాయలు అప్పు తెచ్చినదనుకొనుడి. నూటికి రెండు రూపాయల వడ్డీ మన ప్రక్కల క్రొత్త కాదు. నెలకు 200 రూపాయలు. మిరప సొమ్ము వచ్చు ఏప్రిలు చివరకు నాలుగు నెలలలో 800. పంట దెబ్బతిని ఏడాది నిలిచిపోయినచో 2,400. ఆ పాత బాకీ తీరకమునుపే మరల నక్షత్రము కట్టవలసిన కాలము వచ్చును. ఇప్పుడు తలక్రిందులు చేసి చూడుడి. జనవరి మొదలుకొని వారమునకు 200 రూపాయలు ఒక ముంతలోనో, పొదుపు సంఘములోనో వేసినయెడల 50 వారములలో అదే 10,000 మన సొంత సొమ్ముగా నిలుచును. అంత వేయలేనివారు 50 రూపాయలు వేయుడి. 2,500 రూపాయల పండుగ చేసికొనుడి. అప్పు చేసి పప్పుకూడు అని పెద్దలు ఊరకనే అనలేదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకొనడా అని ప్రభువే లూకా సువార్త 14వ అధ్యాయములో అడుగుచున్నాడు. గోపురమునకు తగిన మాట పండుగకును తగును.

రెండవ కారణము, పండుగ భారమంతయు ఒక్కరి నెత్తిమీద పెట్టుట. లూకా సువార్త 10వ అధ్యాయములో మార్త, మరియల వృత్తాంతము మీరెరిగినదే. ప్రభువు మార్త వంటను తప్పుపట్టలేదు. అనేకమైన పనులచేత ఆమె మనస్సు చీలిపోవుటను చూచి జాలిపడెను. మన ఇండ్లలో ప్రతి మరియ వెనుకను ఒక మార్త కలదు. క్రిస్మసు ఉదయమున మగవారు, పిల్లలు క్రొత్త బట్టలు కట్టుకొని గుడిలో ముందు వరుసలలో కూర్చుందురు. ఇల్లాలు మాత్రము పొయ్యి దగ్గరనో, లేక ఆరాధన ముగియు సమయమునకు వెనుక గుమ్మము దగ్గరనో ఉండును. ఏడాదంతయు పొలములో వంగి పనిచేసిన తల్లి ఆ ఒక్క వాక్యము వినలేకపోయినచో, ఆ ఇంట ఎన్ని అరిసెలు వండినను పండుగ కొరతగానే జరిగినదని నేనందును.

మరి ఏమి చేయవలెను? ఇందుకు మన సంఘ సంప్రదాయములోనే ఒక మంచి దారి కలదు. అదియే ఆగమన కాలము, క్రిస్మసుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములు. జర్మనీ దేశములో హాంబర్గు పట్టణము చెంత యోహాన్ విఖెర్న్ అను లూథరన్ బోధకుడు పేదపిల్లలకొక గృహము నడుపుచుండెను. క్రిస్మసు ఇంకను ఎన్ని రోజులని పిల్లలు అడుగుచుండగా, 1839లో ఆయన ఒక బండిచక్రము తెచ్చి దానిమీద క్రొవ్వొత్తులు నిలిపెను. ఆదివారములకు నాలుగు పెద్దవి, మిగిలిన దినములకు చిన్నవి. దినమునకొకటి వెలిగించుచు పిల్లలు పండుగను లెక్కించుకొనిరి. ఆ తరువాత మూడేండ్లకు, 1842 జూలై 31న, ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరిరి. 1849లో మన పల్నాటిలోని గురజాలకు వచ్చిరి. బండిచక్రము మనకెరుగని వస్తువు కాదు. ఆ చక్రపు లెక్కనే మన ఇంటి పనులకు పెట్టుకొందము.

అయితే ఒక పని ఆగమన కాలమునకు ముందే జరుగవలెను. అక్టోబరు చివర ఒక రాత్రి భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుండి, ప్రార్థన చేసి, ఒక కాగితముమీద చేతిలోనున్న సొమ్మును, చేయదలచిన ఖర్చును వ్రాయుడి. రెండును సరిపోనిచో ఖర్చునే కొట్టివేయుడి, అప్పును వ్రాయకుడి. బట్టలు అప్పుడే దర్జీకి ఇయ్యుడి.

మొదటి ఆదివారపు వారములో ఇల్లు దులిపి, సున్నము వేసి, నాపరాళ్ళ అరుగులు కడుగుట. ఇది మగవారి పని, కొడుకుల పని.

రెండవ వారములో సరకులు. బియ్యము, బెల్లము, నూనె, పప్పులు పట్టికలో వ్రాసి ఒక్కసారే తెచ్చుకొనుడి. దినమునకు నాలుగుసార్లు అంగడికి పోవు ఇంట సొమ్మును నిలువదు, శాంతియు నిలువదు.

మూడవ వారములో నిలువయుండు పిండివంటలు. అరిసెలు, జంతికలు పది దినములు చెడవు. అరిసెలకు తడిపిండి కావలెను, పాకము కనిపెట్టి చూడవలెను, ఒక్కరివల్ల కాదు. నలుగురు ఇల్లాండ్రు కలిసి ఒకనాడు ఈ ఇంట, మరునాడు ఆ ఇంట వండుకొన్నచో పని తేలికయగును, మాటలును తీయనగును. పండుగనాటికి కూర, అన్నము, పులిహోర, పరమాన్నము మాత్రమే మిగులును. కూరగాయలు ముందురాత్రే తరిగి పెట్టుకొనవచ్చును.

నాలుగవ వారములో ఏ క్రొత్త పనియు పెట్టుకొనవలదు. ఒక హెచ్చరిక. మొదటి ఆదివారము నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య వచ్చును. అది డిసెంబరు 3న వచ్చిన ఏట నాలుగవ ఆదివారము 24వ తారీఖే యగును. ఆ ఏట మూడు వారములలోనే పనులు ముగించుకొనవలెను.

ఆ చివరి వారమును దేనికి ఖాళీగా ఉంచవలెను? ఈ ఏడు ఒక మనిషిని పోగొట్టుకొన్న ఇల్లు మన వీధిలో ఉండును. ఆ ఇంట ఈసారి పొయ్యిమీద మూకుడు పెట్టరు, గుమ్మమునకు నక్షత్రము కట్టరు. పంట పోయి పిల్లలకు బట్టలు కొనలేని ఇల్లు ఉండును. పిల్లలు హైదరాబాదులో ఉండి రాలేకపోగా ఒంటరిగా మిగిలిన ముసలివారుందురు. మన పనులు మనకే తీరనప్పుడు వీరు మనకు జ్ఞాపకము రారు. బేత్లెహేములో సత్రము నిండియుండెను గాని, సత్రపువారు దుర్మార్గులని సువార్తికుడు వ్రాయలేదు. స్థలము లేకపోయెను, అంతే. మన ఇండ్లును అట్లే నిండిపోవుచున్నవి. ముందుగా సిద్ధపడుట యొక్క అసలు ఫలము ఇదియే, ఇతరులకు కొంత చోటు మిగులును. అరిసెలు వండునాడే ఆ ఇంటికని ఒక పళ్ళెము ప్రక్కన పెట్టుడి. భోజనమునకు ఒక విస్తరి ఎక్కువ లెక్కించుకొనుడి.

కాబట్టి ప్రియులారా, ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత ఒక కాగితము తీయుడి. సహోదరులారా, ఆ కాగితముమీద మొదటి పని మీ పేర వ్రాసికొనుడి. తల్లులారా, క్రిస్మసు ఉదయమున గుడిలో మీ స్థలము మీరే ముందుగా అడిగి ఉంచుకొనుడి. మీ పిల్లలు మీ ప్రక్కన కూర్చుండి పాడవలెను. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిరి. ఆగమన కాలపు మొదటి దీపము వెలుగకముందే మన లెక్కలు తేలవలెను, మన భారములు పంచుకొనబడవలెను. అప్పుడు పశువుల తొట్టిలో పరుండిన ప్రభువునకు మన చిన్న ఇండ్లలో చోటు దొరకును.

సమాధానకర్తయగు దేవుడు మీ గృహములను అప్పు లేని సంతోషముతోను, అలసట లేని ఆరాధనతోను నింపును గాక. ఆమేన్.